కడియం దిగని కాలు

"గుంజకే, తోలు ఊడొస్తది," అంది సారక్క.

భాను చేతులు తీసేసింది. కొబ్బరినూనె అయింది, సబ్బు నురగ అయింది, ఆఖరికి ప్లాస్టిక్ కవర్ చుట్టి లాగడమూ అయింది. తల్లి ఎడమ కాలికున్న వెండి కడియం కొంచెం కూడా కదల్లేదు. దానికి పైనా కిందా చర్మం ఉబ్బి మెరుస్తోంది. కడియం మధ్యలో కూరుకుపోయింది.

మధ్యాహ్నంలోగా భద్రాచలం ఆస్పత్రిలో చేరాలి. రేపు పొద్దున్నే గర్భసంచి ఆపరేషన్. ఒంటి మీద నగ అన్నది ఉండకూడదని నర్సు నిన్ననే ఫోన్ చేసి చెప్పింది.

"దిగకపోతే మంచిదే కదక్కా," గుమ్మానికి ఆనుకుని నవ్వాడు చందర్. "ఒళ్ళొచ్చిందన్నట్టు. ఎండాకాలంల ఇదే కడియం, నడుస్తుంటే మడిమె మీద టకటక కొట్టుకునేది. యాదికున్నదా?"

"ఉన్నది. అందుకే అడుగుతున్న. రెండు నెలల్ల ఇంత ఒళ్ళు ఎట్ల వచ్చింది?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చందర్ భార్య రోజారాణి కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఎట్ల వస్తది వదినె? తింటే వస్తది. పొద్దున గుడ్డు, పగటికి పప్పుల నెయ్యి, పండుకునే ముందల పాలు. నేను పెట్టిన, ఆమె తిన్నది. నువ్వు కారేపల్లిల మిరపతోట చూసుకుంటుంటివి. నీకు కనపడలే."

"నేనేమన్న అంటినా?"

"అనలే. అన్నట్టే అడిగినవ్."

సారక్క కళ్ళు మూసుకుంది. మంచం మీద పడుకోలేదు. గోడకు దిండు పెట్టుకుని కూర్చుంది. పొద్దున భాను బస్సు దిగి మణుగూరులో తమ్ముడి కంపెనీ క్వార్టర్‌కు వచ్చినప్పటి నుంచీ ఆమె అలాగే కూర్చుని ఉంది.

రెండు నెలల క్రితం భద్రాచలంలో డాక్టరమ్మ ఆపరేషన్ చేయనంది. నూట యాభై సెంటీమీటర్ల మనిషి ముప్పై ఎనిమిది కిలోలు ఉంటే మత్తు ఎలా ఇవ్వాలంది. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క ఒకటుంది. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ ఎత్తుతో భాగించాలి. బీఎంఐ అంటారు. పెద్దవాళ్ళకు అది కనీసం పద్దెనిమిదిన్నర ఉండాలి. సారక్కకు పదిహేడు కూడా రాలేదు.

ఆ రోజే చందర్ బరువు చూసే మిషన్ కొన్నాడు. ఫోన్‌లో లెక్క చేసే యాప్ పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం తల్లిని మిషన్ ఎక్కించి, అంకె చూసి, రోజారాణి భుజం తట్టేవాడు.

"చూడక్కా." ఇప్పుడూ ఫోన్ తీసి అక్క ముందు పెట్టాడు. "పందొమ్మిది పాయింట్ ఒకటి. పచ్చరంగుల పడ్డది. నార్మల్."

భాను ఫోన్ వైపు చూడలేదు. తల్లి చెదిరిన జుట్టు సర్దుకోవడానికి చేయి ఎత్తింది. మణికట్టు దగ్గరుండాల్సిన మట్టిగాజులు గలగలమంటూ మోచేతిదాకా జారిపోయాయి. భాను అటే చూస్తోంది.

"అమ్మా, చెయ్యి ఇట్లియ్యి."

దండచేయి పట్టుకుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసిపోయాయి.

"తమ్మీ, ఒళ్ళొస్తే కాళ్ళకే వస్తదా? చేతులకెందుకు రాలే?"

"ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు వస్తదక్కా. నన్ను చూడు..."

"నిన్నే చూస్తున్న. కంపెనీ మెడికల్‌ల నీకెంత వచ్చింది?"

చందర్ ఇబ్బందిగా నవ్వాడు. బొగ్గుబావిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. మెడ, భుజాలు ఒకటిగా కనిపిస్తాయి. "ఇరవై తొమ్మిది దాటింది. నీకెరికే గదా."

"లావెక్కినవని రాస్తమంటే ఏమన్నవ్?"

"ఇది కొవ్వు కాదు సార్, కండ అన్న. కావాలంటే నడుం కొలువుండ్రి అన్న. టేపు పెట్టిండ్రు. తొంభై సెంటీల లోపలనే వచ్చింది. షుగర్, బీపీ చూసిండ్రు. పాసైన."

"అవ్. నీ అంకె పెరిగితే, అది ఏం బరువో డాక్టర్‌తోని చూపించుకున్నవ్. అమ్మది పెరిగితే, ఏం బరువని ఒక్కనాడన్న అడిగినవా?"

చందర్ నవ్వు ఆగిపోయింది.

"ఇంక నాయిన." భాను వసారా వైపు చేయి చూపింది. "ఆయనది ఇరవై రెండు. నీ ఫోన్ల ఆయనదీ పచ్చరంగే. కాళ్ళు పుల్లలు, పొట్ట కుండ. రెండు పూటల షుగర్ గోలి. గంత చక్కటి అంకె మీద నమ్మకం పెట్టుకొని కూసున్నవా?"

వసారాలో కాశయ్య స్టీలు సీసా మూత బిగించి ఊపుతున్నాడు. అందరికీ వినపడుతూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. ముప్పై ఏళ్ళు బావిలోకి దిగినప్పుడల్లా ఆయన చేతిలో ఉన్నది ఆ సీసానే. రిటైరయ్యాక కూడా అది లేకుండా గడప దాటడు.

"అంటే నేను తిండి పెట్టలేదంటున్నవా వదినె?" రోజారాణి ముందుకొచ్చింది. "నీళ్ళు తాపి మిషన్ ఎక్కించిన్నా?"

భాను తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. తల్లి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. కాసేపు అలాగే ఉంచింది. వేలు తీసింది.

గుంట మిగిలింది.

తడిమట్టిలో వేలు పెట్టి తీసినట్టుంది. అది పూడుతుందని నలుగురూ చూశారు. పూడలేదు.

"ఆటో పిలువు," అన్నాడు కాశయ్య వసారాలోంచి. చందర్ ఫోన్‌లో ఇంకా పందొమ్మిది పాయింట్ ఒకటే ఉంది.

*

హాతీరాం నడుపుతున్న ఆటో బొగ్గు లారీల వెనకాల దుమ్ములో పడి పోతోంది. చందర్ ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఒదిగి కూర్చున్నాడు. వెనక సారక్క మధ్యలో, అటు భాను, ఇటు రోజారాణి. వెనక సామాన్లు పెట్టే పలక మీద, అందరికీ వీపు పెట్టి కాశయ్య.

మొగుడూ పెళ్ళాలకు ఆరు నెలలుగా మాటల్లేవు. రిటైరయ్యాక చర్ల దగ్గర తన ఊరికి పోయి ఇల్లేసుకుందామన్నాడు కాశయ్య. దవాఖానా లేని ఊరికి తాను రానంది సారక్క. ఆ రోజు ఆగిన మాట మళ్ళీ మొదలుకాలేదు. ఏదన్నా చెప్పాలంటే, మీ నాయినకు చెప్పు, మీ అమ్మకు చెప్పు.

బూర్గంపాడు దాటాక సారక్క కూతురి చేయి పట్టుకుంది.

"బిడ్డా, ఒక మాట. లోపలికి పోయినంక ఆయాసం సంగతి ఎవ్వలు ఎత్తొద్దు."

భాను తల తిప్పింది. "ఆయాసమా?"

సారక్క పెదవి కొరుక్కుంది.

"అమ్మా, ఎన్నాళ్ళ సంది?"

"గట్లేం లేదు. మెట్లెక్కితే కొద్దిగ."

"క్వార్టర్ల మెట్లెక్కడున్నయే?"

రోజారాణి అత్త ముఖంలోకి వంగి చూసింది. "అత్తమ్మా, నాకు చెప్పలే. రోజూ అడుగుతనే ఉంటి కదా, మంచిగున్నవా అని."

"మంచిగనే ఉన్న. ఈ ఒక్క ఆపరేషన్ కానీయ్‌రి." సారక్క గొంతు తగ్గించింది. ముందున్న మగవాళ్ళకు వినపడకూడదని. "సంచి జారి మూడేండ్లాయె. నిలబడితే బరువు, కూసుంటే బరువు. మొన్న రేషన్ లైన్ల చీర తడిసె. గా పక్కింటి జంపయ్య పెండ్లాం ముక్కు మూసుకునె. ఆయాసం అంటే మళ్ళ వాయిదా వేస్తరు. ఇంకో వాయిదాకు నేను ఉండ."

ఆటో గోదావరి వంతెన మీదికి ఎక్కింది. గాలి వీచింది. ఆ గాలిలో కూడా సారక్క నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది.

వెనకనుంచి ఒక చేయి స్టీలు సీసాను ఆమె భుజం పక్కగా అందించింది. సారక్క తల తిప్పకుండానే అందుకుంది. నాలుగు గుటకలు మింగి వెనక్కి ఇచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

రోజారాణి ఒక్కతే ఆ సీసాను చూసింది. అందులో నీళ్ళు లేవని ఆమెకు తెలుసు. రోజూ పెరుగు తోడేసేది తనే.

*

డాక్టర్ రాజ్యశ్రీ మిషన్ మీద అంకె చూసి సంతోషించలేదు.

"అయిదు కిలోలు పెరిగారా? ఎన్నాళ్ళలో?"

"రెండు నెలలల్ల మేడం," అన్నాడు చందర్. గొంతులో పొద్దుటి గర్వం కొద్దిగా మిగిలే ఉంది. "బీఎంఐ పందొమ్మిదికొచ్చింది."

"మొదటి నెలలో ఎంత?"

"ఒక కిలో. మిగిలిందంత ఈ మధ్యనే. జల్దీ జల్దీ పెరిగింది."

డాక్టర్ సారక్కను బల్ల మీద వెల్లకిలా పడుకోమంది. సారక్క పడుకుంది. పది ఊపిరులు తీసుకుందో లేదో, మునిగేవాళ్ళు లేచినట్టు చప్పున లేచి కూర్చుంది. పెదవులు నల్లబడ్డాయి. నర్సు పరుగెత్తి ఆక్సిజన్ పెట్టింది.

డాక్టర్ మెడ నరం చూసింది, గుండె విన్నది, పొట్ట మీద తట్టింది. ఆఖరికి కాలి దగ్గర ఆగింది.

"రేపు ఆపరేషన్ లేదు."

సారక్క మాస్క్ లోపల ఏదో అంది. ఎవరికీ వినపడలేదు.

"ఏమన్న తక్కువైందా మేడం? పందొమ్మిది చాలదా?" అన్నాడు చందర్.

"అంకె చాలింది. మనిషే చాలలేదు." డాక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "చూడండి, బీఎంఐకి తెలిసింది రెండే. మీరెంత ఎత్తు, ఎంత బరువు. ఆ బరువు ఎముకా, కండా, కొవ్వా, నీళ్ళా అన్నది దానికి తెలీదు. మీలాంటి కండ ఉన్నవాళ్ళను లావంటుంది. పొట్టలో కొవ్వున్న బక్కమనిషిని బాగున్నాడంటుంది. మన దేశంలో ఇరవై మూడు దాటితేనే జాగ్రత్త పడమంటాం, ఎందుకంటే మనకు తక్కువ బరువులోనే షుగర్ వచ్చేస్తుంది. అది మొదటి చూపుకు పనికొచ్చే లెక్క. ఒంట్లో నీరు పట్టినవాళ్ళ దగ్గర దాన్ని అసలు నమ్మకూడదు."

"అంటే అమ్మకు వచ్చిందంత..."

"నీళ్ళు. కాళ్ళలో, పొట్టలో, ఇప్పుడు ఊపిరితిత్తుల్లో. గుండె సరిగా తోడట్లేదనిపిస్తోంది. ఎకో స్కాన్ తీస్తే తెలుస్తుంది. ఎవరికైనా నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల కాదమ్మా. ఆ రోజే తీసుకురావాల్సింది."

రోజారాణి గోడకు ఆనుకుంది. ప్రతి ఆదివారం భర్త తట్టిన భుజాన్ని మరో చేత్తో పట్టుకుంది.

"రాత్రిళ్ళు పడుకోగలుగుతున్నారా ఈవిడ?"

"పండుకుంటది మేడం," అంది రోజారాణి. "దీపం తీసినంక లోపల చప్పుడే ఉండది."

"పండుకుంటలేదు."

అందరూ తలుపు వైపు తిరిగారు. కాశయ్య గడప అవతల నిలబడి నేల చూస్తున్నాడు.

"నెలరోజులైంది. కూసునే ఉంటది. నేను ఎనకకు తిరిగి కూసుంట. నా ఈపుకు ఆనుకొని కునుకు తీస్తది."

"నాయినా," అన్నాడు చందర్. "మాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దని సైగ చేసింది."

"సైగ చేస్తే?"

"ఆర్నెల్లల్ల అది నాతోని చెప్పుకున్నది గదొక్కటే," అన్నాడు కాశయ్య.

భాను ముఖం పక్కకు తిప్పుకుంది.

డాక్టర్ లేచి సారక్క ఎడమ కాలి వేళ్ళను తాకింది. నల్లగా, చల్లగా ఉన్నాయి. "ఇది ఇప్పుడే తీసేయాలి. రక్తం దిగట్లేదు. కోసేయండి."

సారక్క మాస్క్ పీకేసింది. "కడియం కొయ్యొద్దు."

"అమ్మా, కాలు పోతది."

"పెండ్లినాడు తొడిగింది. మొగడు బతికుండంగ కడియం కోస్తరానే? గది ఎవలకు చేస్తరో నీకెరికలేదా?" ఊపిరి ఆడక ఆగింది. "మీ నాయిన ఉన్నడు. ఆయన నోటితోని చెప్పమను."

భాను తండ్రిని చూసింది. కాశయ్య గడప దాటి లోపలికి వచ్చాడు. భార్య వైపు చూడలేదు. కూతురితోనే అన్నాడు.

"కొయ్యమని చెప్పు మీ అమ్మకు. నేను ఉన్న. ఉంట."

హాతీరాం ఆటో డబ్బాలోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. తెగలేదు. హాక్సా బ్లేడు తెచ్చాడు. చర్మానికీ వెండికీ మధ్య నర్సు రేకు ముక్క దూర్చింది. కాశయ్యే కోశాడు. బొగ్గులో అరిగిన చేతులు వణకలేదు. వెండి పొడి తెల్లటి దుప్పటి మీద రాలింది. రెండు ముక్కలుగా విడిపోయినప్పుడు దాని కింద లోతుగా, కాలువలా గీత పడి ఉంది.

సారక్క చూడలేదు. పైకప్పు చూస్తూ ఉంది. కంటి చివరి నుంచి చెంప మీదికి నీళ్ళు జారాయి.

*

నీరు తీసే ఇంజెక్షన్ ఇచ్చారు. డాక్టర్ వరండాలోకి వచ్చి నలుగురినీ నిలబెట్టింది.

"ఈ రాత్రి గడిస్తే ధైర్యం చెప్తాను. రేపటి నుంచి బరువు తగ్గుతుంది, కంగారుపడకండి. తగ్గాలి. ముప్పై ఎనిమిది కన్నా కిందికి పోయినా ఆశ్చర్యపోను. నీళ్ళ కింద అసలు మనిషి ఇంకా చిక్కిపోయి ఉంటుంది." ఆగి అడిగింది. "ఇంత తొందరగా ఎలా ముదిరింది? ఉప్పేమన్నా ఎక్కువ పడిందా?"

భాను మెల్లగా రోజారాణి వైపు తిరిగింది.

"తొక్కు పచ్చడి పెట్టినవా?"

"నోటికి రుచి లేదంటే, నాలుగు మెతుకులల్ల..."

"ఎండుచేపలు?"

"ఒక్కసారి. ముట్టలే."

"తొక్కు, ఎండుచేపలు," అంది భాను డాక్టర్‌తో. "ఇంకేం పెట్టిందో దేవునికే ఎరుక."

"అక్కా, ఆపు," అన్నాడు చందర్. కానీ వెళ్ళి భార్య పక్కన నిలబడలేదు. ఉన్నచోటే ఉన్నాడు. రోజారాణి అది చూసింది.

"జబ్బు ఉప్పు వల్ల రాలేదు," అంది డాక్టర్. "కానీ ఇలాంటి ఒంట్లో ఉప్పు నీళ్ళను బిగించి పట్టుకుంటుంది. మెతుకుల్లో తొక్కు ఇంత చేయదు. రోజూ, ఎక్కువగా, ఏదో లోపలికి పోయింది. ఇంక చుక్క కూడా పోకూడదు. నీళ్ళు కూడా మేం కొలిచి ఇస్తాం. ఈ రాత్రి దాటాలంటే అదే ముఖ్యం."

ఆమె వెళ్ళిపోయింది. భాను, చందర్ మందుల చీటీ పట్టుకుని మెట్లు దిగారు.

కాశయ్య బెంచీ మీద కూర్చున్నాడు. సీసా ఒళ్ళో ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాడు.

బావిలో ఎవడైనా ఉక్కకు సొమ్మసిల్లితే, ఆయాసపడితే, మేస్త్రీలు చేసిన వైద్యం ఒక్కటే. పిడికెడు ఉప్పేసిన చల్ల. చెమటలో పోయిన ఉప్పు తిరిగొచ్చి మనిషి లేచి కూర్చునేవాడు. కాశయ్య చేతుల మీదుగా ఎందరో లేచారు. పెళ్ళాం రాత్రి ఊపిరాడక లేచినప్పుడల్లా ఆయనకు తెలిసిన వైద్యం అదే చేశాడు. మాట లేకుండా సీసా అందించాడు. ఆమె ఎంత ఆయాసపడితే అంత ఉప్పు వేశాడు.

రోజారాణి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామా, గది ఇటియ్యి."

కాశయ్య వేళ్ళు సీసాను వదల్లేదు. "నేను... గది మంచిదే అనుకున్న బిడ్డా."

"ఎరుకే. ఇయ్యి."

ఆమె సీసా తీసుకుని వరండా చివర చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి పోయింది. మూత తీసింది. తెల్లటి చల్ల దారగా పడుతోంది.

"ఏంది పారబోస్తున్నవ్?"

రోజారాణి చేయి గాల్లో ఆగింది. పర్సు మరిచిపోయి వెనక్కి వచ్చిన భాను మెట్ల దగ్గర నిలబడి ఉంది. గబగబా వచ్చి తొట్టిలోకి వేలు పెట్టి నాలుకకు రాసుకుంది. ముఖం మాడిపోయింది.

"ఉప్పు. ఉత్త ఉప్పు." సీసా లాక్కుంది. "డాక్టరమ్మ అటు పోంగనే ఇటు కడుగుతున్నవా? ఇన్నాళ్ళు మా అమ్మకు తాపింది ఇదేనా? చెప్పవే?"

రోజారాణి నోరు తెరిచింది. ఆమె చూపు భాను భుజం మీదుగా బెంచీ వైపు పోయింది. కాశయ్య తల వంచుకుని ఉన్నాడు. ఆమె నోరు మూసుకుంది.

"తమ్మీ," భాను మెట్ల కిందికి కేకేసింది. "పైకి రా. నీ పెండ్లాం ఏం చేసిందో చూద్దువు రా."

చందర్ అడుగులు మెట్ల మీద వినపడుతున్నాయి.

అప్పుడు వార్డు లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. సన్నగా, ఆయాసపడుతూ, మాస్క్ పక్కకు జరిపి పిలుస్తున్న గొంతు. ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ వినని పిలుపు.

"ఏమయ్యా... గొంతు ఎండుకపోతున్నది. నీ చల్ల ఇంత ఇయ్యరాదు."

భాను చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆమె తల మెల్లగా బెంచీ వైపు తిరిగింది.

నెలరోజులుగా ఆ మనిషి కదిలితే చాలు లేచి కూర్చున్న కాశయ్య, ఇప్పుడు పేరు పెట్టి పిలిచినట్టు పిలిస్తే లేవలేకపోయాడు.

లోపల సారక్క మళ్ళీ పిలిచింది.